సింప్సన్ దాటాలా, ఊడ్నడాటా ట్రాక్‌తో సరిపెట్టుకోవాలా: గ్యాంగ్‌తో అవుట్‌బ్యాక్ వెళ్ళేవాళ్ళకి నా సలహా

ప్రతి ఏడూ ఏప్రిల్ వచ్చిందంటే చాలు, మెల్‌బోర్న్‌లో మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకళ్ళు ఎర్ర ఇసుక దిబ్బ మీద నిలబెట్టిన ల్యాండ్‌క్రూజర్ ఫోటో పడేసి "జులై సెలవులకి వెళ్దామా" అంటారు. గంటలో తొమ్మిది ఫ్యామిలీలు సై అంటాయి, మే నెలకి ఆరు అవుతాయి, జూన్‌లో ఎవరికో ఇండియా నుంచి అత్తగారు వస్తారు, ఇంకొకళ్ళకి లీవ్ దొరకదు, ఆఖరికి బయల్దేరేది మూడో నాలుగో కార్లు. ఈ తొమ్మిది నాలుగు అయ్యేలోపు జరిగే గొడవంతా ఒకటే, అవుట్‌బ్యాక్‌లో, అంటే ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతంలో, ఏ దారిలో వెళ్ళాలి అని. నేను ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టిరోడ్డు ఫ్యామిలీతో ఒకసారి, సింప్సన్ ఎడారి నాలుగు కార్ల గ్యాంగ్‌తో ఒకసారి చేశాను, ఆ రెండిటి మీదా వచ్చే ప్రశ్నలకి విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, దారి ఎంచుకునేది గ్యాంగ్‌లో ఉన్న మంచి బండిని చూసి కాదు, అందరికంటే వీక్‌గా ఉన్న బండిని, అందరికంటే ఓపిక తక్కువున్న మనిషిని చూసి. మా వాళ్ళలో ఒకాయనకి ఎత్తు పెంచిన ప్రాడో, నీళ్ళలో ఇంజన్‌కి గాలి అందించే స్నోర్కెల్, ఇరుక్కున్న బండిని లాగే వించ్, అన్నీ ఉన్నాయి, ఆయన ప్లాన్ వేస్తే అందరికీ కానింగ్ స్టాక్ రూటే కనపడుతుంది. కానీ అదే గ్రూపులో ఏ మార్పూ చేయని మామూలు హైలక్స్ వాడూ ఉంటాడు, నాలుగేళ్ళ పిల్లతో వచ్చేవాళ్ళూ ఉంటారు కదా.

సరే, దారులు. మన లాంటి వాళ్ళు సీరియస్‌గా ఆలోచించదగ్గవి నాలుగు: ఊడ్నడాటా ట్రాక్, బర్డ్స్‌విల్ ట్రాక్, సింప్సన్ క్రాసింగ్, గ్రేట్ సెంట్రల్ రోడ్. కానింగ్ స్టాక్ రూట్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా దాదాపు 1,850 కిలోమీటర్లు, తొమ్మిది వందల పైచిలుకు దిబ్బలు, రెండు మూడు వారాలు, మధ్యలో ఇంధనం దొరికే చోటు దాదాపు ఒక్క కునవరిట్జీయే, పైగా పర్మిట్లు, అప్పుడప్పుడూ కొన్ని భాగాలు మూసేస్తుంటారు కూడా. మొదటి ట్రిప్‌కి కాదు, రెండోదానికీ కాదు.

ఊడ్నడాటా ట్రాక్ మరీ నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్లు. అవును, ఊరి పేరు మరీ, మన "మరీ ఎక్కువ చేస్తున్నావ్"లో మరీ లాగే పలకాలి, మా పిల్లలు రెండు రోజులు దాని మీదే జోకులు. ఇసుక దిబ్బలు ఎక్కే పని లేదు, కంకర, ఎర్రమట్టి, గతుకులు. ఎండగా ఉంటే ఎత్తున్న ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీతో కూడా లాగించేస్తున్నారు, నేనైతే టైర్లు మంచివి, రెండు స్పేర్లు లేకుండా వెళ్ళమని చెప్పను. ఈ దారి పాత ఘాన్ రైలు పట్టాల వెంబడి పోతుంది, 1980లో ఆ లైన్ మూసేసి పడమటగా కొత్తది వేశారు, ఇప్పుడు తుప్పు పట్టిన వంతెనలు, కప్పు ఎగిరిపోయిన రాతి స్టేషన్లు మిగిలాయి. ఆ ఘాన్ అన్న పేరు అఫ్ఘాన్ ఒంటెలవాళ్ళని బట్టి వచ్చింది, పేరుకి అఫ్ఘాన్లు గానీ వాళ్ళలో చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియాలోని బలూచిస్తాన్, పంజాబ్, సింధ్ వైపు నుంచి వచ్చినవాళ్ళే. మరీలో వాళ్ళు కట్టుకున్న మసీదు నమూనా, ఖర్జూరం చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. నూటపాతికేళ్ళ కిందట మన వైపు మనుషులు ఒంటెల మీద సరుకు తోలిన చోట మనం ఏసీ వేసుకుని "నెట్‌వర్క్ రావట్లేదు" అని ఏడుస్తున్నాం అనిపించింది నాకు.

దారిలో చూడ్డానికి ఉన్నవి కూడా ఎక్కువే. భూమిలోంచి నీళ్ళు బుడబుడమని ఉబికే మౌండ్ స్ప్రింగ్స్, కావర్డ్ స్ప్రింగ్స్‌లో వెచ్చటి నీళ్ళ తొట్టి, రోడ్డు పక్కనే కాటీ తండా, అదే లేక్ ఐర్ అనే పెద్ద ఉప్పు సరస్సు, దాని దక్షిణ భాగం. మామూలుగా అది తెల్లటి ఉప్పు పొర, సరస్సు మొత్తంలో అన్నిటికంటే పల్లం చోటు సముద్ర మట్టానికి సుమారు 15 మీటర్లు కిందుంటుంది, క్వీన్స్‌లాండ్‌లో వానలు దంచికొడితే నెలల తర్వాత ఆ నీళ్ళు ఇక్కడికి చేరతాయి, 2025లో అలాగే వచ్చాయి. విలియం క్రీక్ నుంచి చిన్న విమానంలో పైనుంచి చూపిస్తారు, ఖరీదే, కానీ మా ఆవిడ ఈ ట్రిప్ మొత్తంలో ఒక్క దాని గురించే ఇప్పటికీ చెప్తుంది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న గ్యాంగ్‌కి ఇదే కరెక్ట్. రోజూ సాయంత్రానికి ఏదో ఒక ఊరో, పబ్బో, టాయిలెట్ ఉన్న క్యాంపో తగులుతుంది. విలియం క్రీక్ దాటాక ఊడ్నడాటా పింక్ రోడ్‌హౌస్ దాకా రెండొందల కిలోమీటర్లు ఏమీ ఉండదు, అంతే.

బర్డ్స్‌విల్ ట్రాక్ కూడా మరీ నుంచే మొదలు, 517 కిలోమీటర్లు, మధ్యలో మంగరానీ హోటల్. నిజం చెప్పాలంటే దారి ఊడ్నడాటా అంత రంగురంగులుగా ఉండదు, స్టర్ట్ స్టోనీ డెజర్ట్ అంటే పేరుకి తగ్గట్టు గంటల తరబడి నున్నటి గోధుమరంగు రాళ్ళే, ఆ రాళ్ళే టైర్లు కోసేది. కూపర్ క్రీక్ పొంగితే ట్రాక్ మునిగిపోతుంది, అప్పుడు చిన్న ఫెర్రీ మీద ఒక్కో బండినీ దాటిస్తారు. మరి దీన్ని ఎందుకు ఎంచుకోవాలి అంటే చివర్లో బర్డ్స్‌విల్ ఉంది కాబట్టి. 1884 నాటి హోటల్, ఒంటె మాంసం కర్రీ పఫ్ లాంటి పై అమ్మే బేకరీ, అక్కణ్ణించి 35 కిలోమీటర్లు పడమటికి వెళ్తే బిగ్ రెడ్, సుమారు 40 మీటర్ల ఎత్తు దిబ్బ. సింప్సన్ మొత్తం దాటకుండానే దాని రుచి చూడాలంటే ఇదే దారి. పొద్దున్న వెళ్ళి, ఇసుకలో పట్టు దొరకడానికి టైర్లలో గాలి తీసి నాలుగైదుసార్లు ఎక్కి దిగి, మధ్యాహ్నానికి వచ్చి బేకరీలో కూర్చోవచ్చు. బండి ఎక్కకపోయినా పరువు తప్ప పోయేదేం లేదు, ఊరు పక్కనే ఉంది.

ఇక సింప్సన్. అసలు గొడవంతా దీని గురించే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. దాదాపు 1,100 దిబ్బలు, ఒకదాని పక్కన ఒకటి ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటాయి, మీరు వాటికి అడ్డంగా పోవాలి. చీర కుచ్చిళ్ళ మీద చీమ పాకినట్టు అనుకోండి. పడమట మౌంట్ డేర్ హోటల్‌లో ట్యాంక్ నింపితే మళ్ళీ ఇంధనం బర్డ్స్‌విల్‌లోనే, మధ్యలో సుమారు 500 కిలోమీటర్లు బంకు లేదు, కొట్టు లేదు, కుళాయి లేదు. దాటడానికి నాలుగు రోజులు పెట్టుకోండి, మూడు రోజుల్లో చేశాం అనేవాళ్ళు ఏమీ చూసి ఉండరు.

లోపల మళ్ళీ రెండు దారులు. ఫ్రెంచ్ లైన్ అంటే 1960ల్లో ఫ్రెంచ్ పెట్రోలియం కంపెనీ చమురు వెతకడానికి తూర్పుగా తిన్నగా గీసిన గీత, దిబ్బ ఎంత నిటారుగా ఉన్నా చుట్టూ తిరిగేది లేదు. రిగ్ రోడ్ డ్రిల్లింగ్ రిగ్గుల్ని లాక్కెళ్ళడానికి దిబ్బల మీద బంకమట్టి పరిచి వేసింది, దక్షిణంగా చుట్టు తిరిగి పోతుంది, దూరం ఎక్కువ, ఎక్కడం తేలిక, కాకపోతే ఆ మట్టి చాలా చోట్ల కొట్టుకుపోయింది, జనం కూడా తక్కువ తిరుగుతారు కాబట్టి ఆగిపోతే సాయం ఆలస్యం. మేం ఫ్రెంచ్ లైన్ తీసుకున్నాం, మళ్ళీ వెళ్ళినా అదే తీసుకుంటా, ఎందుకంటే రోజుకి కనీసం పది బండ్లు ఎదురొస్తాయి.

పడమటి నుంచి తూర్పుకే వెళ్ళండి. దిబ్బలకి పడమటి వైపు వాలు మెల్లగా, తూర్పు వైపు నిటారుగా ఉంటుంది, గాలి అలా తోస్తుంది మరి. పడమట మొదలుపెడితే మెల్లని వాలు ఎక్కి నిటారు వైపు దిగుతారు. ఇంకోటి, పడమట దిబ్బలు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి, తూర్పుకి పోయేకొద్దీ పెద్దవి, దూరం దూరంగా అవుతాయి, అంటే మీ చెయ్యి తిరిగేసరికి పెద్దవి వస్తాయి, సిలబస్ వేసినట్టు.

మూడో రోజు ఒక దిబ్బ దగ్గర మా స్నేహితుడు ఐదుసార్లు ట్రై చేశాడు, ఐదుసార్లూ అంచుకి రెండు బారల దూరంలో చక్రాలు తవ్వుకుని ఆగిపోయాడు. ఆరోసారి ఇంకా స్పీడుగా వస్తానంటే రేడియోలో ఆపి నేను దిగి టైర్లకి గేజ్ పెట్టి చూశా, గాలి 28 పీఎస్ఐ. "మావా, పొద్దున్న అందరం 18కి దించాం కదా" అంటే "రిమ్ నుంచి టైర్ ఊడుద్దేమో అని నేను మళ్ళీ కొట్టించా" అన్నాడు. నాలుగు టైర్లూ 16కి తీశాం, కాస్త నీడలో కూర్చుని ఆ బుస్సుమనే చప్పుడు వింటూ, సైడ్‌వాల్ ఉబ్బి టైరు అడుగు చపాతీలా పరుచుకునేదాకా. తర్వాత సెకండ్ గేర్‌లో, లో రేంజ్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లో తక్కువ స్పీడుకి ఎక్కువ బలమిచ్చే గేర్లు), మెల్లగా, అరుపు కేక లేకుండా ఎక్కేసింది. స్పీడుతో ఎక్కాలని చూసేవాళ్ళ వల్లే ఆ వాలు మీద గుంతలు గుంతలుగా అయ్యి వెనకొచ్చేవాళ్ళ బండి ఎగిరెగిరి పడుతుంది. అందుకే గ్యాంగ్‌లో ప్రెషర్ విషయంలో మాట వినని మనిషి ఒక్కడున్నా సింప్సన్ వద్దు, నిజంగా చెప్తున్నా.

దిబ్బ అంచున బానెట్ ఆకాశం వైపు చూస్తుంటే అవతలేముందో కనపడదు, ఎదురుగా ఇంకో బండి వస్తుండొచ్చు, అందుకే పొడుగు కర్రకి జెండా పెట్టడం అక్కడ రూల్. రేడియోలో ఛానల్ 10 పెట్టుకుని "నాలుగు బండ్లు, తూర్పుకి" అని చెప్పుకుంటూ పోవాలి. దక్షిణ ఆస్ట్రేలియా వైపు డెజర్ట్ పార్క్స్ పాస్ ముందే కొనాలి. సింప్సన్‌ని డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా మూసేస్తారు, ఆ వేడికి మూయడమే న్యాయం, ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది మరి.

అన్నట్టు, ఎడారి కదా అని స్వెటర్లు ఇంట్లో వదిలేసి రావద్దు. జులైలో డల్‌హౌసీ స్ప్రింగ్స్‌లో తెల్లారి లేచేసరికి బకెట్లో నీళ్ళ మీద గాజు పలక లాంటి ఐసు, పక్కనే ఆ చెరువు నీళ్ళేమో వేడినీళ్ళ స్నానంలా పొగలు కక్కుతున్నాయి, చిన్న చేపలు కాళ్ళు కొరుకుతుంటే మెడ దాకా మునిగి సూర్యోదయం చూశాం. సింప్సన్ దాటే ఓపిక లేనివాళ్ళు కూడా ఊడ్నడాటా నుంచి పైకి డల్‌హౌసీ దాకా వచ్చి వెనక్కి తిరగొచ్చు, దిబ్బల్లేవు, రోడ్డు మాత్రం రాళ్ళూ గతుకులూ బాగా ఉంటాయి.

ఖాళీ అని అందరూ అంటారు గానీ ఆ ఎడారి ఖాళీ కాదు. వాంగ్‌కాంగుర్రు అనే ఆదివాసీలు దిబ్బల మధ్య చేత్తో తవ్విన లోతు బావుల నీళ్ళతో తరతరాలు అక్కడే బతికారు, ఆ బావుల్ని మికిరి అంటారు. 1936లో టెడ్ కోల్సన్ ఒంటెలతో దాటాడు, 1962లో రెగ్ స్ప్రిగ్ భార్యాపిల్లల్ని వేసుకుని మొదటిసారి కారులో దాటాడు. కాబట్టి "ఫ్యామిలీతో కుదరదు" అనేది పూర్తిగా నిజం కాదు, కాకపోతే ఆయన జియాలజిస్టు, మనం జావా డెవలపర్లం.

గ్రేట్ సెంట్రల్ రోడ్ వేరే లెక్క. పెర్త్ వాళ్ళకి బాగా పనికొస్తుంది, లావర్టన్ నుంచి ఉలురు (ఆ పెద్ద ఎర్ర రాతి కొండ) పక్కనున్న యులారా దాకా సుమారు 1,100 కిలోమీటర్లు, వెడల్పాటి మట్టి రోడ్డు, ముక్కలు ముక్కలుగా తారు వేస్తూ వస్తున్నారు. ఆదివాసీల భూముల గుండా పోతుంది కాబట్టి పశ్చిమ ఆస్ట్రేలియా వైపూ, నార్తర్న్ టెరిటరీ వైపూ ట్రాన్సిట్ పర్మిట్లు తీసుకోవాలి, ఉచితమే, ముందు అప్లై చేయాలి. అక్కడి కమ్యూనిటీల్లో మందు నిషేధం. మీ గ్యాంగ్‌లో సాయంత్రం బీరు లేకపోతే ట్రిప్పే కాదు అనే బ్యాచ్ ఉంటే ఈ దారి గురించి ఇంట్లోనే తేల్చుకోండి, అక్కడికెళ్ళి తగువు పెట్టుకోవద్దు. డ్రైవింగ్ సరదా కోసమైతే నాకు బోరే, గమ్యం ఉలురు అయితే మాత్రం మంచి దారి.

బండి గురించి. ఇంధనం లెక్క ఒక్కసారి కాగితం మీద వేయండి. ఇసుకలో డీజిల్ బండి వందకి 18 నుంచి 20 లీటర్లు తాగుతుంది. 500 కిలోమీటర్లకి వంద లీటర్లు, దాని మీద పాతిక శాతం చేతిలో ఉంచుకుంటే 125. పాత 150 సిరీస్ డీజిల్ ప్రాడోకి ట్యాంకే 150 లీటర్లు, దిగులు లేదు. హైలక్స్, రేంజర్ ట్యాంక్ 80, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. వాటిని పైన రూఫ్ రాక్ మీద పెట్టకండి, దిబ్బ మీద బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు పైన అరవై కిలోలు ఎలా లాగుతాయో ఆలోచించండి. హైలక్స్ అయితే వెనక ట్రేలో కట్టండి. లో రేంజ్ లేని బండి ఏదైనా సరే, ఎంత కొత్తదైనా, సింప్సన్‌కి పనికిరాదు. ట్రైలర్ కూడా వద్దు.

సొంత బండి లేకపోతే అద్దెకి తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. మామూలు రెంటల్ కంపెనీల అగ్రిమెంట్లలో మట్టి రోడ్డు ఎక్కగానే ఇన్సూరెన్స్ పోతుంది. అచ్చంగా ఫోర్ వీల్ డ్రైవ్‌లు అద్దెకిచ్చేవాళ్ళు ఊడ్నడాటా, బర్డ్స్‌విల్ ట్రాకులకి రాతపూర్వకంగా ఒప్పుకుంటారు, సింప్సన్, కానింగ్ మాత్రం చాలామంది లిస్టులో ఉండవు. ఫోన్లో "పర్లేదు వెళ్ళండి" అన్న మాట నమ్మి మా బ్యాచ్‌లో ఒకతను అద్దెబండితో ఊడ్నడాటా వచ్చాడు, ఒక రాయి తగిలి అద్దం పగిలితే తిరిగిచ్చినప్పుడు "ఆ రోడ్డుకి పర్మిషన్ ఎక్కడుంది చూపించండి" అన్నారు, డిపాజిట్ గోవిందా. కంపెనీ పేరెందుకు లెండి. ఈమెయిల్‌లో రోడ్డు పేరుతో సహా రాయించుకోండి.

ఎన్ని కార్లు అంటే నా ఓటు మూడు లేదా నాలుగు. రెండు అయితే ఒకటి చెడిపోతే మిగతాది నిండిపోతుంది. ఐదు దాటితే పొద్దున్న బయల్దేరేసరికి పదకొండు, ఒకళ్ళకి టీ కాలేదు, ఒకళ్ళ టెంట్ మడవలేదు, మొదటి దిబ్బ దగ్గర చివరి బండి ఎక్కేసరికి ముందు బండి వాళ్ళు టిఫిన్ మళ్ళీ మొదలుపెడతారు. సింప్సన్‌లో అందరికంటే బలమైన బండి చివర్లో ఉండాలి, ముందు కాదు, లాగాల్సింది వెనకున్నవాళ్ళనే. లాగేటప్పుడు టో బాల్‌కి, అంటే ట్రైలర్ తగిలించే ఇనప గుండుకి, తాడు తగిలించనివ్వకండి, అది విరిగి తూటాలా ఎగిరి మనుషులు చచ్చిపోయిన సంగతులున్నాయి. రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్ ముందూ వెనకా ఉందో లేదో ఇంటి దగ్గరే వంగి చూసుకోండి.

ఫోన్ సిగ్నల్ ఊళ్ళలో తప్ప ఉండదు. శాటిలైట్ ఫోనా, పీఎల్‌బీయా (ఆపదలో నొక్కితే శాటిలైట్ ద్వారా సంకేతం పంపే చిన్న పరికరం) అంటే రెండూ ఒకటి కాదు. పీఎల్‌బీ నొక్కితే సంకేతం కాన్‌బెర్రాలోని రెస్క్యూ సెంటర్‌కి పోతుంది, అది ప్రాణం మీదకొచ్చినప్పుడు మాత్రమే, గేర్‌బాక్స్ పోయిందని నొక్కేది కాదు. గేర్‌బాక్స్ పోతే మాట్లాడాలి, ఎవరు వస్తారు ఎంత తీసుకుంటారు అని బేరమాడాలి, దానికి శాటిలైట్ ఫోన్ కావాలి, సింప్సన్ నడుమ నుంచి బండి లాగించడం అంటే వేల డాలర్ల మాట. ఊడ్నడాటాకి గ్యాంగ్ మొత్తానికి ఒక పీఎల్‌బీ సరిపోతుంది అంటాను, సింప్సన్‌కి రెండూ కావాలి, ప్రతి బండిలో బిగించిన యూహెచ్ఎఫ్ రేడియో కూడా, చేతిలో పట్టుకునే బుల్లివి దిబ్బ అవతలికి వినపడవు. ఏం జరిగినా బండి వదిలి నడవకూడదు. 1963 డిసెంబర్‌లో బర్డ్స్‌విల్ ట్రాక్ వైపు దారి తప్పిన ఒక కుటుంబం పెట్రోల్ అయిపోయి కారు వదిలి నీళ్ళ కోసం వెళ్ళారు, ఐదుగురూ పోయారు. మనిషికి రోజుకి తాగడానికే 5 లీటర్లు, పైన వంటకి, పైన ఇంకో మూడు నాలుగు రోజులకి, ఒకే డ్రమ్ములో కాకుండా బండ్లన్నిట్లో పంచి పెట్టండి.

వాన పడితే రోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డెక్కితే ఫైన్ గట్టిగా ఉంటుంది. కాబట్టి లీవ్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. మెల్‌బోర్న్ నుంచి అడిలైడే 730 కిలోమీటర్లు, అక్కణ్ణించి మరీ చేరడానికి ఇంకో రోజు, అంటే వారం లీవే ఉంటే సింప్సన్ మాట ఎత్తకండి. పది రోజులుంటే మరీ, బర్డ్స్‌విల్ ట్రాక్, బిగ్ రెడ్, వెనక్కి. రెండు వారాలుండి, అందరివీ లో రేంజ్ బండ్లై, ముందు ఒకసారి బీచ్ ఇసుకలో కలిసి నడిపి ఉంటే అప్పుడు ఊడ్నడాటా మీదుగా మౌంట్ డేర్, ఫ్రెంచ్ లైన్, బర్డ్స్‌విల్. మా రెండో ట్రిప్ అదే, మొదటి ట్రిప్ ఊడ్నడాటా చేసి ఉండకపోతే సగంలో కొట్టుకునేవాళ్ళం.

తిండి సంగతి మన ఆడవాళ్ళని అడిగితే ఇంకో వ్యాసం అవుతుంది. ప్రెషర్ కుక్కర్, గ్యాస్ స్టవ్, కందిపొడి, ఆవకాయ ఉంటే మగవాళ్ళు కూడా వండేయొచ్చు, మేం నాలుగు రోజులు అలాగే గడిపాం. పార్కుల్లో కట్టెలు ఏరకూడదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, విక్టోరియా నుంచి మిల్డ్యూరా మీదుగా దక్షిణ ఆస్ట్రేలియాలోకి వెళ్తే ఫ్రూట్ ఫ్లై చెక్‌పోస్ట్ ఉంటుంది, టమాటాలు, పచ్చిమిర్చి, పళ్ళు తీసుకుపోనివ్వరు. మా వదిన మూడు కిలోల టమాటాలు ఆ డబ్బాలో పడేస్తూ "ముందే చెప్పొచ్చుగా, పచ్చడి చేసి తెచ్చేదాన్ని" అంది. ఆవకాయ సీసా అటూ ఇటూ తిప్పి చూసి, మూత తీసి ఒకసారి వాసన చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశారు.